విష్ణుక్రాంత: గుర్తుపట్టడం, పెంచడం

ఈ వ్యాసం రాయడానికి మొదటి కారణం నేను అతికించిన ఒక తప్పు హెర్బేరియం షీటు. రెండో కారణం మా నాయనమ్మ.

మాది ఖమ్మం జిల్లా కల్లూరు దగ్గర ఒక పల్లె. డిగ్రీ మొదటి సంవత్సరంలో వృక్షశాస్త్రం ప్రాక్టికల్స్‌కి స్థానికంగా దొరికే మొక్కలు సేకరించి, ఆరబెట్టి, షీట్ల మీద అతికించి ఇమ్మన్నారు. అదే వారంలో వినాయక చవితి వచ్చింది. బజార్లో పత్రి కట్ట ఒకటి కొన్నాను. వినాయకుడి పూజకు చెప్పిన ఇరవై ఒక్క పత్రుల్లో విష్ణుక్రాంత ఒకటని మీకందరికీ తెలిసిందే. కట్టలో నీలం పువ్వున్న కొమ్మ ఒకటుంది. ఇదేనా అంటే, అమ్మే ఆమె ఇదే అంది. పూజకు కొంచెం, చదువుకు కొంచెం అనుకుని, దాన్ని పాత పేపర్ల మధ్య నొక్కి ఆరబెట్టి, అతికించి, కింద చక్కటి దస్తూరీతో 'ఇవాల్వులస్ ఆల్సినాయిడిస్, కుటుంబం కన్వాల్వులేసి' అని రాసి ఇచ్చేశాను.

మా మేష్టారు షీటు చూసి ఏమీ అనలేదు. భూతద్దం నా చేతికిచ్చి, ఆకర్షణ పత్రాలు లెక్కపెట్టమన్నారు. మూడు. రెండు పెద్దవి నీలంగా, మూడోది చిన్నదిగా, వెలవెలబోయి ఉంది. ఆకు ఈనెలు చూడమన్నారు. సమాంతరంగా ఉన్నాయి. అంటే ఏకదళబీజం. కన్వాల్వులేసి ద్విదళబీజ కుటుంబం కదా! నేను విష్ణుక్రాంత అని అతికించింది కామెలినా బెంగాలెన్సిస్. మా వైపు ఎన్నాద్రి అంటారు, పుస్తకాల్లో వెన్నదేవికూర అని ఉంటుంది. చిన్నప్పటి నుంచి పత్తి చేలో నేను పీకి గట్టున పారేసిన కలుపే అది. రైతు కొడుకువి, ఎన్నాద్రి తెలియదా అని తోటివాళ్లు నవ్వారు. తెలియక కాదు. డబ్బిచ్చి కొన్నాను కాబట్టి దాన్ని సరిగ్గా చూడలేదు.

దసరా సెలవులకు ఇంటికెళ్లి ఈ సంగతి చెబితే నాయనమ్మ ముక్కున వేలేసుకుంది. "విష్ణుకాంత బజార్ల కొనుడేందిరా అయ్యా, మన గట్టు మీద లేదా? పొద్దున్నే లేచిరా, చూపిస్తా. పొద్దెక్కితే మూసుకుంటది" అంది.

మా ఊరి నేలల గురించి ఇక్కడ నాలుగు మాటలు చెప్పాలి. కల్లూరు ప్రాంతంలో కొంత రేగడి, కొంత ఎర్ర చెలక. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు అందిన చోటల్లా వరి మడులే. తూర్పుకు సత్తుపల్లి మీదుగా దమ్మపేట, అశ్వారావుపేట వైపు పోతే భద్రాచలం దిక్కు అడవి మొదలవుతుంది, మధ్యలో పామాయిల్ తోటలు. మా తాతల కాలంలో ఊరికి బంచరాయి ఉండేదట, పశువులు మేసే గడ్డి నేల. ఇప్పుడు దానిలో మిగిలింది చాలా తక్కువ. కాబట్టి గడ్డి నేలల్లో పెరిగే మొక్క ఏదైనా మా దగ్గర చూడాలంటే చెలక గట్లే దిక్కు.

ఆ గట్టు మీద ఉదయం ఏడింటికి చూశాను. పశువులు కొరికిన పొట్టి గడ్డి మధ్యలో, బొత్తాం కన్నా చిన్న నీలం పూలు. నిలబడి చూస్తే ఏవో పడిపోయిన రంగు కాగితం ముక్కల్లా ఉన్నాయి. కూర్చుంటే తప్ప మొక్క కనిపించదు. నాయనమ్మ వంగలేక చేతి కర్రతోనే చూపించింది.

ఇక గుర్తులు. దాని కాడలు సన్నగా, తీగ ముక్కల్లా గట్టిగా ఉండి, ఒకే మొదలు నుంచి నాలుగు వైపులా నేలమీద పరుచుకుంటాయి, కొన్ని కొనలు పైకి లేస్తాయి. కాని దేన్నీ చుట్టుకోవు. ఇవాల్వులస్ అన్న పేరులోని లాటిన్ మాటకు చుట్ట విప్పడం అని అర్థం. దాని దాయాది కన్వాల్వులస్ పేరుకు చుట్టుకునేదని అర్థం. లిన్నేయస్ 1753లో ఈ మొక్కను మొదట కన్వాల్వులస్‌లోనే పెట్టి, 1762లో ఇవాల్వులస్‌కు మార్చాడు. అంతటివాడే మార్చుకున్నాడు కాబట్టి నా షీటు గురించి నేను మరీ సిగ్గుపడలేదు.

ఆకులు చిన్నవి, పొడవు సెంటీమీటరు నుంచి రెండున్నర లోపే. ఏకాంతరంగా ఉంటాయి, తొడిమ ఉందా లేదా అన్నట్టుంటుంది. కాడ మీదా ఆకు మీదా పట్టులాంటి నూగు. మంచు పడ్డ ఉదయం మొక్క వెండిలా కనిపించడానికి కారణం ఈ నూగే. ఆకు కణుపు దగ్గర నుంచి దారంలాంటి సన్నని కాడ లేచి, దాని కొనన ఒకటో రెండో పూలు పూస్తాయి. ఐదు ఆకర్షణ పత్రాలూ కలిసిపోయి, విప్పిన గొడుగులా గుండ్రంగా ఉంటాయి. వెడల్పు సెంటీమీటరుకు మించదు. నడుమ తెల్లటి చుక్క, ఐదు కేసరాలు. అప్పుడప్పుడు తెల్లగా పూసే మొక్క కూడా ఉంటుంది కాబట్టి రంగును మాత్రమే నమ్మకూడదు.

అసలు గుర్తు భూతద్దంలో కనిపిస్తుంది. అండాశయం పైన కీలాలు రెండు, ఒక్కొక్కటి మళ్లీ రెండుగా చీలి నాలుగు సన్నని దారాలవుతాయి. చిలగడదుంప, తూటికూర వంటి ఇదే కుటుంబపు మొక్కల పువ్వు విప్పి చూడండి, ఒకటే కీలం ఉంటుంది. కన్వాల్వులస్‌కు కూడా కీలం ఒకటే, కొనన మాత్రమే రెండు కీలాగ్రాలు. నాలుగు దారాలు కనిపిస్తే అది ఇవాల్వులసే. ఎన్నాద్రికి ఈ పరీక్ష కూడా అక్కర్లేదు, దాని పువ్వు పడవలాంటి మడత ఆకులోంచి బయటికి వస్తుంది.

మా లాబ్‌లో గాంబుల్ మద్రాసు రాష్ట్రపు ఫ్లోరాలోని కీ పట్టుకుని కూడా సరిచూశాను. ఇందులో ఒక చమత్కారం ఉంది. 1915 నుంచి 1936 దాకా భాగాలుగా వచ్చిన ఆ గ్రంథం మద్రాసు ప్రెసిడెన్సీకి రాసినది. భద్రాచలం అప్పుడు ప్రెసిడెన్సీలో ఉంది, 1959లో గాని ఖమ్మం జిల్లాలో కలవలేదు. మా కల్లూరు నైజాంలో ఉంది. కాబట్టి భద్రాచలం అడవి గాంబుల్ పరిధిలోకి వచ్చింది, మా గట్టు రాలేదు. మొక్కకు ఆ సరిహద్దు తెలియదనుకోండి.

పేర్ల గందరగోళం ఇంకా ఉంది. సంస్కృత గ్రంథాల్లో విష్ణుక్రాంత అన్న పేరును శంఖుపువ్వు తీగకు, అంటే క్లైటోరియా టెర్నేషియాకు కూడా వాడారు. అది చిక్కుడు జాతిది, కాయ చూస్తేనే తెలిసిపోతుంది. శంఖపుష్పి అనే మందు మొక్క దగ్గరకొస్తే భారత ఆయుర్వేద ఫార్మకోపియా కన్వాల్వులస్ ప్లూరికౌలిస్‌ను చెబుతుంది, దక్షిణాదిన చాలామంది మన విష్ణుక్రాంతనే ఆ పేరుతో వాడతారు. జ్ఞాపకశక్తికి మంచిదంటారు. పరీక్షల ముందు నన్ను ఆ సంగతి అడగవద్దు, మందు విషయం నా పరిధి కాదు. కేరళలో దశపుష్పాలు అనే పది పూలలో ఇదొకటి. ఇక లాన్‌లలో నేలకు అతుక్కుని గుండ్రటి ఆకులతో, తెల్లటి పూలతో కనిపించేది ఇవాల్వులస్ నమ్యులారియస్, అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చింది. అది కణుపు కణుపుకూ వేళ్లు పోస్తుంది, మనది పోయదు. నర్సరీలలో విష్ణుక్రాంతి అని కుండీలో అమ్మే పెద్ద నీలం పువ్వు చాలాసార్లు బ్రెజిల్ వైపు నుంచి వచ్చిన ఇవాల్వులస్ గ్లోమెరేటస్. అందంగానే ఉంటుంది. మన గట్టుది మాత్రం కాదు.

కణుపులకు వేళ్లు లేకపోతే ఇది బతికేదెలా? మొదటికి. మొదట్లో సన్నగా, కర్రలా గట్టిపడిన వేరు ఉంటుంది. బహువార్షికం అన్న మాటకు ఈ మొక్కలో అర్థం ఆ వేరే. ఎండాకాలంలో పైనంతా ఎండిపోతుంది, మేక కొరుకుతుంది, కొడవలి కోస్తుంది. తొలకరి పడగానే వేరు మొదట్లోంచి మళ్లీ చిగుళ్లు లేస్తాయి. చుట్టూ గడ్డి మోకాలెత్తు పెరిగితే మాత్రం ఎండ అందక వెనకబడిపోతుంది. అంటే పశువు మేపు దీనికి శత్రువు కాదు. నాగలి మాత్రం శత్రువు.

ఇది తెలియక నేను మొదట చేసిన పని, గడ్డపారతో ఒక మొక్కను తవ్వి హాస్టల్‌కు తీసుకుపోవడం. వేరు మధ్యలో తెగింది. అయినా కుండీలో పెట్టి, పేడ ఎరువు వేసి, రోజూ రెండుపూటలా నీళ్లు పోశాను. వారంలో పోయింది. మళ్లీ సెలవుల్లో ఇంకొకటి తెచ్చాను, అదీ పోయింది. ఉన్నవే కొన్ని, వాటిలో రెండు నా చేతుల మీదుగా పోయాయి. పెరిగిన మొక్కను దయచేసి తవ్వకండి.

గింజలతో పెంచాలి. కాయ చిన్న గుండ్రటి గుళిక, ఎండితే నాలుగు పలకలుగా పగులుతుంది, లోపల నాలుగు గింజల దాకా ఉంటాయి. పగిలితే గింజ మట్టిలో కలిసిపోతుంది, వెతకలేం. కాబట్టి కాయ పచ్చదనం పోయి గడ్డిరంగుకు తిరగ్గానే కోసి, కాగితం పొట్లంలో ఆరనివ్వాలి. ఒక్కో మొక్క మీద సగానికి పైగా కాయలు వదిలేయండి.

ఆ గింజలను అలాగే చల్లితే మొలవడం కష్టం. ఈ కుటుంబంలో చాలా మొక్కల గింజ పొర నీటిని లోపలికి రానివ్వదు. దీన్నే మనం పాఠంలో సుప్తావస్థ అని చదువుకున్నాం. ప్రకృతిలో ఎండా వానా మార్చి మార్చి తగిలి ఆ పొర సడలుతుంది. మనం సాండ్‌పేపర్ రెండు ముక్కల మధ్య గింజలను మెల్లగా రుద్ది, రాత్రంతా నీళ్లలో నానబెట్టాలి. ఉబ్బినవి మొలిచేవి. ఉబ్బనివాటిని మళ్లీ రుద్దాలి. నేను రుద్దకుండా వేసిన కుండీలో రెండే మొలిచాయి, రుద్ది వేసిన కుండీలో సగానికి పైగా వచ్చాయి.

కుండీ లోతుగా, కింద చిల్లుతో ఉండాలి. రెండు పాళ్లు చెలక మట్టి, ఒక పాలు ఇసుక, ఎరువు వద్దు. గింజ మీద దాని మందమంత మట్టి చాలు. జూన్‌లో తొలకరి తర్వాత వేస్తే మంచిది. నీడలో పెట్టకూడదు. పైమట్టి ఆరితే తప్ప నీళ్లు పోయకూడదు. మొదట్లో వారాల తరబడి మొక్క పెరగనట్టే కనిపిస్తుంది. అప్పుడు అది కిందికి పెరుగుతోంది. ఓపిక పట్టలేక నీళ్లు ఎక్కువ పోసి కుళ్లబెట్టిన కుండీ ఒకటి నా ఖాతాలో ఉంది.

ఈ సంవత్సరం వానాకాలంలో ఇంటికెళ్లేసరికి నాయన గట్లకు గడ్డి మందు కొట్టడానికి సిద్ధం చేసుకుంటున్నాడు. గడ్డి మందుల్లో కొన్ని తగిలిన ఆకును మాత్రమే మాడుస్తాయి. గ్లైఫోసేట్ అలా కాదు, ఆకులోంచి వేరు దాకా దిగుతుంది. మేకను, కొడవలిని, ఎండను తట్టుకునే వేరు దీన్ని తట్టుకోలేదు. నేను ఇదంతా చెప్పాను. నాయన విని, "గట్టు చెక్కించాలంటే కూలి ఎంతో తెలుసా? మనిషి దొరుకుతున్నాడా? నీ పువ్వు ఇస్తదా ఆ కూలి?" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను. నా ఫీజు కూడా ఆ పత్తిలోంచే వస్తుంది.

నాయనమ్మ అడ్డుపడింది. తుమ్మచెట్టు నుంచి బావి దాకా ఉన్న గట్టు వదిలేయమంది, అక్కడ తన మేకలను కట్టేస్తానంది. ఒకచోట మూడు రోజులకు మించి కట్టవద్దని నేనన్నాను. "నాకు చెప్తున్నవా?" అంది. నాయన మిగతా గట్లన్నిటికీ మందు కొట్టాడు, ఆ ముక్క వదిలాడు. ఒక్క సంవత్సరానికే అన్నాడు. తిరిగొచ్చే ముందు లెక్కపెట్టాను, పదకొండు మొక్కలున్నాయి.

సరైన షీటు కూడా తర్వాత ఇచ్చాను. నమూనా వేరుతో సహా ఉండాలని నియమం. నేను పూలూ కాయలూ ఉన్న కొమ్మ ఒక్కటే కోసి అతికించాను, ఒక మార్కు తగ్గింది.

గింజలు కొన్ని పొట్లంలో దాచాను. తొలకరికి కావలసినవాళ్లు హాస్టల్‌లో అడిగితే తలా నాలుగు ఇస్తాను. సాండ్‌పేపర్ మీరే తెచ్చుకోవాలి.