శైత్య సాధన

ఖాజాగూడ గుట్టల్లోని గ్రానైటు శిలల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. వాటి చెంతనే నేడు గాజు గోడల కార్యాలయాలు వెలిశాయి. అక్కడి కంప్యూటర్లు వేడెక్కకుండా ఉండటానికి చల్లని గాలి చాలు. క్వాంటమ్ కంప్యూటరుకు ఆ చల్లదనం చాలదు. అతివాహక క్యూబిట్లతో నిర్మించిన యంత్రాన్ని పరమశూన్య ఉష్ణోగ్రతకు, అంటే మైనస్ 273.15 డిగ్రీల సెల్సియస్‌కు, ఒకటి రెండు వందో వంతుల డిగ్రీ దూరంలో నిలపాలి. ఇంతటి అత్యల్ప ఉష్ణోగ్రతను సాధించడం ఎట్లా?

ఈ సాధనకు ఆధారమైన హీలియం కథలో తెలుగునేలకు స్థానముంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు నుండి పరిశీలించాడు. సూర్యుని వర్ణపటంలోని ఒక పసుపు రేఖ సోడియానికి చెందినది కాదని అదే సంవత్సరం ఇంగ్లండులో లాకియర్ గుర్తించాడు. గ్రీకు భాషలో సూర్యునికి గల పేరే ఆ కొత్త మూలకానికి పేరైంది. 1895లో రామ్సే దానిని యురేనియం ఖనిజం నుండి వెలికితీశాడు. శిలలలోని యురేనియం, థోరియం క్షీణించేటప్పుడు హీలియం పుడుతుంది. మన గ్రానైటు శిలలలోనూ ఈ ప్రక్రియ నిరంతరం సాగుతూనే ఉంది. 1908లో లైడెన్ నగరంలో కామర్లింగ్ ఓన్స్ హీలియంను ద్రవంగా మార్చాడు. అది మరిగేది 4.2 కెల్విన్ వద్ద, అనగా మైనస్ 269 డిగ్రీల వద్ద.

నీరు పల్లమెరుగును, వేడి చల్లదనమెరుగును. పల్లాన ఉన్న నీటిని ఏతంతో పైకి తోడినట్లే, చల్లని చోటి వేడిని బయటికి తోడటానికి శక్తిని వెచ్చించాలి. బావి లోతైన కొద్దీ శ్రమ పెరుగుతుంది. గది ఉష్ణోగ్రత 300 కెల్విన్ అనుకుందాం. ఒక వాటు వేడిని 77 కెల్విన్ నుండి తోడటానికి ప్రకృతి నియమం ప్రకారం కనీసం 3 వాట్లు, 4.2 కెల్విన్ నుండి 70 వాట్లు, 0.01 కెల్విన్ నుండి 30,000 వాట్లు కావాలి. నిజ యంత్రాలకు అయ్యే వ్యయం ఇంతకంటె ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి యంత్ర నిర్మాతకు అసలు పరీక్ష చల్లబరచడం కాదు, పొదుపుగా చల్లబరచడం.

ఆ పొదుపుకు మార్గాలు మూడు. మొదటిది, వేడిని లోనికి రానీయకపోవడం. ఇందుకు పాత్ర చుట్టూ శూన్యం కల్పిస్తారు. వేడిని అంతగా ప్రసరింపజేయని సన్నని ఆధారాలపై దానిని నిలుపుతారు. రెండవది, వచ్చే వేడిని పై మెట్టులోనే పట్టివేయడం. 77 కెల్విన్ వద్ద ఒక లోహపు తెర అమర్చితే, అది అదే రకపు 300 కెల్విన్ గోడ వెదజల్లే వేడిలో సుమారు 230వ వంతు మాత్రమే లోపలికి వెదజల్లుతుంది. మూడవది, పోయే చల్లదనాన్ని వృథా కానీయకపోవడం. బయటికి మరలే చల్లని వాయువు చేత లోనికి వచ్చే వెచ్చని వాయువును ముందుగానే చల్లబరుస్తారు.

మట్టికుండలో నీరు చల్లబడేది బాష్పీభవనం వల్లనే. ద్రవ హీలియం ఆవిరిని పంపుతో తోడివేసినా ఇదే జరుగుతుంది. కాని ఉష్ణోగ్రత బాగా తగ్గిన పిదప ఆవిరే దాదాపుగా కరవవుతుంది. అక్కడ మిశ్రమ శీతలయంత్రం ఆదుకుంటుంది. హీలియం-3, హీలియం-4 ల మిశ్రమం 0.87 కెల్విన్ దిగువన రెండు పొరలుగా విడిపోగలదు. పై పొరలోని హీలియం-3 పరమాణువులు కింది పొరలోనికి చేరుతూ వేడిని గ్రహిస్తాయి. పరమశూన్యం చేరువలో సైతం కింది పొరలో సుమారు 6.6 శాతం హీలియం-3 కరిగి ఉంటుంది. అందువల్ల ఈ ప్రవాహం ఆగదు. ఈ భావనను 1951లో హైంజ్ లండన్ ప్రతిపాదించగా, 1960వ దశకంలో లైడెన్‌లో అది యంత్రరూపం దాల్చింది.

మనుచరిత్రలో ప్రవరుడు హిమాలయ శోభలో లీనమై, మంచునీటికి తన పాదలేపనం కరిగిపోవడం గమనించలేదు. ఆ చిన్న ఏమరుపాటే అతనిని వెంటనే ఇల్లు చేరనీయలేదు. శైత్య సాధకునికీ అటువంటి ఏమరుపాటు కూడదు. ఒక్క తీగె వెంట చొరబడిన స్వల్పమైన వేడి చాలు, రోజుల శ్రమ వ్యర్థం కావడానికి.

ఈ జాగ్రత్త విద్యుత్తు కోసమే కాదు. గాలిలో కలిసిన హీలియం తేలికదనం వల్ల క్రమంగా అంతరిక్షంలోనికి జారిపోతుంది. మన దేశం దీనిని ప్రధానంగా దిగుమతి చేసుకుంటున్నది. కావున వాడిన హీలియంనే మరల మరల తిప్పి వాడే యంత్రాలు మనకు అవసరం. గుంటూరు జిల్లాలోని అమరావతిలో 156 క్యూబిట్ల ఐబిఎం యంత్రాన్ని నెలకొల్పే నిర్ణయాన్ని 2025లో ప్రకటించారు. గుంటూరు ఆకాశాన కనిపించిన వెలుగులోని మూలకం గుంటూరు నేలపై గణనకు చేదోడు కానున్నది. అట్టి యంత్రాన్ని కొని తెచ్చుకోవడంతో తృప్తిపడక, దానిని నిర్మించే విద్యను అభ్యసించడం విద్యార్థుల కర్తవ్యం.

అర్థాలు
శైత్యం: చల్లదనం
ఏతం: బావి నుండి నీరు తోడే సాధనం
ఏమరుపాటు: అజాగ్రత్త

సంధులు
అత్యల్ప: అతి + అల్ప – యణాదేశ సంధి
కార్యాలయం: కార్య + ఆలయం – సవర్ణదీర్ఘ సంధి

ప్రశ్నలు
1. శీతలయంత్రాన్ని ఏతంతో పోల్చడంలోని ఔచిత్యాన్ని వివరించండి.
2. శీతలీకరణలో పొదుపు సాధించే మూడు మార్గాలను తెలపండి.
3. ప్రవరుని ఉదంతం ఈ పాఠంలో ఏ విషయాన్ని బోధిస్తుంది?