వాకిట నిలిచినవారి ధర్మము

శ్రీమద్రామాయణము ఆద్యంతము శరణాగతిని బోధించు గ్రంథమని మన పూర్వాచార్యుల నిర్ణయము. అందును యుద్ధకాండలోని విభీషణ శరణాగతి ఘట్టము శ్రీవైష్ణవులకు ప్రాణప్రదమైనది. శ్రీ వేదాంతదేశికులు ఈ ఘట్టమును ఆధారముగా గొని ‘అభయప్రదానసారము’ అను గ్రంథమునే రచించిరి. సాధారణముగా మనము ఈ కథను పారాయణము చేయునపుడు శ్రీరామచంద్రు డొసగిన అభయమును తలచి ఆనందింతుము. అయితే ఆ అభయము లభించుటకు ముందు విభీషణుడు ఆకాశమున నిలిచియుండిన కొంత సమయము కలదు. అవతల తన్ను గూర్చి ఆలోచన జరుగుచున్నది. ఫలితము తెలియదు. వెనుకకు మరలుటకు ఇల్లు లేదు. ఆ నడిమి కాలమునందు జీవుడు ఎట్లుండవలెనన్నదే ఈ వ్యాసమునందలి విచారణ.

ఈ విచారణకు ఇపుడేమి పని యని చదువరులు అడుగవచ్చును. నేడు మన గృహస్థులలో అనేకులు ప్రతి వేసవియందును అట్టి నడిమి కాలమునే అనుభవించుచున్నారు. బిడ్డకు ప్రైవేటు పాఠశాలలో సీటు వచ్చునో రాదో యని తల్లి, తండ్రి, తాత, మామ్మ, అందఱును ఎదురుచూచు కాలమది. ఎదురుచూచుట గూడ ఒక కర్మయే. దానికిని ధర్మము కలదు.

గిలకలదిండి రేవున వేసవి

మచిలీపట్నము చేరువనున్న గిలకలదిండి మత్స్యకారుల రేవు. మన తూర్పు తీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు సముద్రమున మరపడవలతో వేట నిషిద్ధము. మత్స్యములు గ్రుడ్లు పెట్టి సంతతిని వృద్ధిచేసికొను కాలమగుటచే ఈ కట్టడి ఏర్పడినది. ఆ రెండు మాసములు పడవలు రేవున వరుసగా కట్టబడియుండును. పురుషులు వలలు బాగుచేసికొనుచు, పడవలకు రంగులు వేసికొనుచు కాలము గడపుదురు. రాబడి నిలుచును. సరిగా ఆ దినములయందే బిడ్డల బడి సంగతియు తేలవలసి యుండును. జూన్ రెండవ వారమున బడులు తెరచుటయు, ఆ వెంటనే పడవలు కదలుటయు జరుగును. కనుక ఆ యిండ్లలో నిరీక్షణము రెండు విధములు: సముద్రము కొఱకు ఒకటి, చదువు కొఱకు ఒకటి.

బందరు ప్రాంతమునకు చదువుపై మక్కువ క్రొత్తది కాదు. రాబర్టు నోబిలుదొర ఇచట ఆంగ్లపాఠశాలను 1843లో నెలకొల్పెను. కోపల్లె హనుమంతరావుగారు మొదలగు దేశభక్తులు ఆంధ్ర జాతీయ కళాశాలను 1910లో స్థాపించిరి. నాడు బిడ్డను బడి వాకిట నిలిపిన తండ్రుల ఆశయే నేడు రేవులోని తండ్రులయందును కలదు.

ఇపుడు ఈ ఆశకు చట్టము కొంత దారి చూపినది. 2009లో పార్లమెంటు చేసిన విద్యాహక్కు చట్టము 1 ఏప్రిల్ 2010 నుండి అమలులోనికి వచ్చినది. అందలి 12వ సెక్షను ననుసరించి ప్రైవేటు పాఠశాలలు తమ ప్రవేశతరగతిలో కనీసము 25 శాతము సీట్లను బలహీనవర్గముల బిడ్డలకును, ప్రతికూల స్థితిలోనున్న బిడ్డలకును ఇచ్చి, ఉచితముగా చదువు చెప్పవలెను. సుప్రీంకోర్టు 12 ఏప్రిల్ 2012న ఈ నిబంధనను సమర్థించినది. ప్రభుత్వ సహాయము పొందని అల్పసంఖ్యాకవర్గముల పాఠశాలలకు మాత్రము మినహాయింపు ఇచ్చినది. ఆంధ్రప్రదేశమున 2022–23 విద్యాసంవత్సరము నుండి ఒకటవ తరగతి ప్రవేశములకు ఇది ఆచరణలోనికి వచ్చినది. దరఖాస్తు ఆన్‌లైనులో పెట్టవలెను. బడికి దగ్గరగా నివసించువారికి ముందు అవకాశము. సీట్లకంటె కోరువారు ఎక్కువైనచో లాటరీ. ఆ పిమ్మట సెల్‌ఫోనుకు కబురు వచ్చును. ఆ కబురు కొఱకే నిరీక్షణము.

అట్టి యొక కుటుంబముతో రేవున మేము కొంతసేపు మాటలాడితిమి. తండ్రి వల కుట్టుచుండెను. సెల్‌ఫోను తల్లి చేతిలో నుండెను. “లాటరీ తీసేశారో లేదో తెలియటం లేదు పంతులుగారూ, ఫోను మోగితే చాలు గుండె దడదడలాడుతోంది” అని ఆమె పలికెను. ఇంతలో అయిదేండ్ల పిల్లవాడు మామ్మ కొంగు పట్టుకొని, “సీటు రాకపోతే నేను మొద్దునా మామ్మా?” అని అడిగెను. పెద్దలు ఒకరి మొగము నొకరు చూచుకొనిరి. ఆ మాట వారెవ్వరును వానితో ననలేదు. కాని ఇంటిలోని మాటలు, నిట్టూర్పులు, ఇరుగుపొరుగువారి ప్రశ్నలు విని వాడు తనంతట తానే అట్లు తలపోసికొనెను. అపుడు ఆ ముసలమ్మ, “వలకి చేప పడని రోజున వల మంచిది కాదంటామా నాయనా?” అని వానిని దగ్గరకు తీసికొనెను. శాస్త్రములు చదువని ఆ తల్లి చెప్పిన మాటకు రామాయణమున గల ఆధారమేమో చూతము.

విభీషణుని నిరీక్షణము

లంకను విడిచి విభీషణుడు ఒంటరిగా రాలేదు. నలుగురు అనుచరులు వెంట వచ్చిరి. సముద్రపుటొడ్డున వానరసేన విడిదిచేసిన చోటికి వచ్చి, క్రిందికి దిగక ఆకాశముననే నిలిచెను. రావణుని తమ్ముడనని తానే ముందుగా చెప్పెను. ఆ సంబంధమే తనకు ప్రతికూలమని యెఱిగియు దాచలేదు. భార్యాబిడ్డలను విడిచి వచ్చితిననియు, రాఘవునకు తన రాకను విన్నవింపుడనియు వేడుకొనెను. ఆపై పలుకక నిలిచెను.

అవతల పెద్ద సమాలోచన జరిగెను. వీనిని దండింపవలెనని సుగ్రీవు డనెను. గుణదోషములు పరీక్షించి చేర్చుకొనవలెనని అంగదుడు చెప్పెను. చారుని పంపి తెలిసికొనుదమని శరభుడు, వచ్చిన దేశకాలములు అనుమానాస్పదములని జాంబవంతుడు, మెల్లగా ప్రశ్నించి చూతమని మైందుడు పలికిరి. హనుమంతుడు మాత్రము, ఇతని మొగమునందును మాటయందును కపటము కనబడదనియు, వచ్చిన వేళ తగినదేయనియు విన్నవించెను. తుదకు శ్రీరామచంద్రుడు, మిత్రభావముతో వచ్చినవానిని దోషమున్నను విడువజాలననెను. వచ్చినవాడు విభీషణుడే కానిమ్ము, స్వయముగా రావణుడే కానిమ్ము, తోడి తెమ్మని ఆజ్ఞాపించెను.

ఇందు మనము గమనింపవలసిన విశేషము లున్నవి. విభీషణుడు క్రింద జరుగుచున్న చర్చను చూచి కలవరపడలేదు, తన అర్హతలను మరల మరల ఏకరువు పెట్టలేదు, అనుచరులపై చిరాకు పడలేదు. చేయవలసిన పని చేసెను, చెప్పవలసిన నిజము చెప్పెను, తక్కిన భారమును స్వామిపై నుంచెను. మహావిశ్వాసమని శాస్త్రములు చెప్పునది ఇదియే.

అంతకంటె ముఖ్యమైనది మఱియొకటి కలదు. శ్రీరాముని సన్నిధిలో సీట్లకు లెక్క లేదు. ఒకరు చేరినందున మఱియొకరికి చోటు తగ్గదు. బడిలో నట్లు కాదు. ముప్పది సీట్లున్నచో ముప్పదియొకటవ బిడ్డ వెలుపల నిలువవలెను. అది గోడల కొలత, బెంచీల లెక్క. కావున మానవుల ద్వారము మూయబడినపుడు భగవంతుడు ద్వారము మూసెనని తలచుట పొరపాటు. లాటరీ తీయు యంత్రమునకు ఆ బిడ్డ మొగము తెలియదు, వాని బుద్ధియు తెలియదు. సీటు వచ్చినచో అది వాని ప్రతిభకు బిరుదు కాదు, రానిచో వాని బుద్ధికి మచ్చయు కాదు. ఆ మామ్మ మాటలోని సారమిదియే.

గృహస్థులు పాటింపదగిన నియమములు

మొదటిది, సత్యము. ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకాముడు హారిద్రుమత గౌతముని ఆశ్రమ ద్వారమున నిలిచినపుడు గోత్రమేదని గురువు ప్రశ్నించెను. తల్లి జబాల తనకు తెలియదని చెప్పిన మాటనే ఆ బాలుడు ఉన్నదున్నట్లు విన్నవించెను. ఆ నిజమునకే గురువు మెచ్చి చేర్చుకొనెను. దగ్గరివారికి ముందు సీటు కదా యని లేని చిరునామా వ్రాయుట, ఆదాయము తక్కువ చేసి చూపుట తగదు. అట్టి అబద్ధము అర్హుడైన మఱియొక బిడ్డ చోటును హరించును. మన బిడ్డ చదువునకు అసత్యమే మొదటి పాఠమగును.

రెండవది, బిడ్డ ఎదుట మాటను అదుపులో నుంచుకొనుట. “నీ సీటు కోసమే ఇంత తిప్పలు పడుతున్నాము” అను మాట పసిమనస్సున ముల్లువలె నాటుకొనును. చుట్టములు వచ్చి పోలికలు తెచ్చినపుడు పెద్దలు మాట మరల్పవలెను. అన్నకు ఒక బడి, చెల్లెలికి ఒక బడి కుదిరినచో, ఫీజును బట్టి వారిలో హెచ్చుతగ్గులు చూపరాదు. శ్రీకృష్ణ బలరాములు సాందీపని మహర్షి యొద్ద చదివినపుడు నిరుపేదయైన కుచేలుడు సహాధ్యాయిగ నుండెను. గురుకులమున వారి కట్టెలమోపు ఒక్కటే, వాన ఒక్కటే.

మూడవది, మ్రొక్కు విషయము. బిడ్డ చదువు కొఱకు స్వామికి మ్రొక్కుకొనుట తప్పు కాదు. ఆర్తుడును అర్థార్థియు భక్తులేయని పెద్దలు చెప్పిరి. కాని, సీటు ఇచ్చినచో తలనీలాలు, లేనిచో కొండకు రాను అను ధోరణి బేరమగును. సీటు వచ్చినను రాకున్నను దర్శనమునకు వత్తుమని సంకల్పించుట ప్రపత్తికి తగిన మ్రొక్కు.

నాలుగవది, దళారులకు లోబడకుండుట. సొమ్మిచ్చినచో సీటు ఇప్పింతుమనువారు ప్రతి వేసవియందును తిరుగుచుందురు. వల తాకట్టుపెట్టి వారికిచ్చిన సొమ్ము తిరిగి రాదు. చట్టములోని 13వ సెక్షను ప్రకారము ప్రవేశమునకు క్యాపిటేషన్ ఫీజు గుంజుట నేరము. పుచ్చుకొన్న దానికి పదిరెట్ల వరకు జరిమానా కలదు. బిడ్డకు గాని తల్లిదండ్రులకు గాని వడపోత పరీక్ష పెట్టుటయు నిషిద్ధమే. అందుకు మొదటిసారి 25,000 రూపాయల వరకును, ఆ పిమ్మట ప్రతిసారి 50,000 రూపాయల వరకును జరిమానా. ఇది తెలిసియున్న గృహస్థుడు అనవసరముగా భయపడడు.

అయిదవది, నిరీక్షణ కాలమును వ్యర్థము చేయకుండుట. రేవున పడవలు కట్టివేసినను వల కుట్టుట ఆగలేదు కదా! అట్లే సీటు తేలువరకు పలక మూలపెట్టరాదు. సాయంకాలము దీపము పెట్టిన పిమ్మట అరగంట బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని అక్షరములు దిద్దించి, ఒక కథ చెప్పినచో, బడి ఏదైనను వాని చదువు అప్పుడే మొదలైనట్లే. చదువురాని మామ్మయు కథ చెప్పగలదు.

స్వామియు ఎదురుచూచెను

విభీషణునకు అభయమిచ్చిన పిమ్మట జరిగినది స్మరింపదగినది. సముద్రుని శరణు వేడుమని ఆ విభీషణుడే సలహా చెప్పెను. జగత్ప్రభువైన రామచంద్రుడు తీరమున దర్భలు పరచుకొని మూడు రాత్రులు సముద్రుని కొఱకు వేచియుండెను. ఎదురుచూచువాని బాధ యెట్టిదో స్వామికి తెలియదని యెవ్వరనగలరు? తుదకు కోదండము చేపట్టగా సముద్రుడు ప్రత్యక్షమై, తాను ఎండిపోయి దారి యిచ్చుట తన స్వభావము కాదనియు, నలునిచే వంతెన కట్టింపుమనియు విన్నవించెను. స్వామి కోరినది దారి. లభించినది వంతెన కట్టుకొను పని. వానరులు కొండలను వృక్షములను మోసి అయిదు దినములలో నూరు యోజనముల సేతువు కట్టిరి.

సీటు రాని యింటికి ఈ కథ పనికివచ్చును. కోరిన బడి తలుపు తెరువకున్నను చదువు ఆగరాదు. 6 మొదలు 14 ఏండ్ల వరకు దగ్గరి బడిలో ఉచిత విద్య ప్రతి బిడ్డకును హక్కు. ఊరిలోని ప్రభుత్వ పాఠశాలలో చేర్చి, ఇంటివారందఱు తలొక రాయి మోసినచో సేతువు సిద్ధమగును. తండ్రి తెచ్చు పుస్తక మొక రాయి, తల్లి అడుగు పాఠ మొక రాయి, మామ్మ చెప్పు కథ మఱియొక రాయి.

మచిలీపట్నపు చిలకలపూడిలో భక్త నరసింహముగారు 1929లో ప్రతిష్ఠించిన శ్రీ పాండురంగస్వామి ఆలయము కలదు. కార్తికమాసమున అచటికి వేలాది జనులు వచ్చి సముద్రస్నానము చేసి స్వామిని సేవింతురు. ఆ స్వామి నిలువుగా నుండుటకు కారణము యాత్రికులకు తెలిసినదే. పుండరీకుడు తల్లిదండ్రుల సేవలో నుండి, వాకిట వచ్చిన స్వామిని కొంచెము తాళుమని ఇటుక విసరగా, స్వామి ఆ ఇటుకపై నడుముపై చేతులుంచుకొని నిలిచి యెదురుచూచెను. కోపింపలేదు, వెడలిపోలేదు. ఇంటిలోని ప్రేమసేవ ముగియువరకు వాకిట నిలుచుట తనకు గౌరవమే యని చూపెను.

కావున బిడ్డల కొఱకు వాకిట నిలిచిన తల్లిదండ్రులారా! మీ నిలుపు హీనమైనది కాదు. మీకు ముందు విభీషణుడు నిలిచెను, శ్రీరాముడు వేచెను, పాండురంగడు నేటికిని నిలిచియున్నాడు. సెల్‌ఫోనులోని కబురు ఏదైనను, ఆ దినమున బిడ్డను ముందు దగ్గరకు తీసికొని, అన్నము పెట్టి, ఆ తరువాతనే తక్కిన మాట లాడుడు. వాని రాక మీ యింటికి ఎన్నడో ఆమోదింపబడినదని వానికి తెలియవలెను.

శ్రీమన్నారాయణుడు మన యిండ్లలోని చిన్నారులకు విద్యాబుద్ధులను, పెద్దలకు ఓర్పును విశ్వాసమును అనుగ్రహించుగాక.