పసిబిడ్డను దేనితో తుడవాలి?

తల్లులారా, పసిబిడ్డకు గోరువెచ్చని నీళ్లు, ఉతికి ఎండలో ఆరవేసిన మెత్తని నూలుగుడ్డ చాలు. పాత చీర ముక్క అయితే మరీ మంచిది. ప్రయాణాల్లో వైప్స్ కొనవలసివస్తే సువాసన, ఆల్కహాలు లేనివి చూసి కొనండి. ఆడపిల్లను ముందునుండి వెనుకకే తుడవాలి. లేకుంటే మలంలోని క్రిములు మూత్రనాళంలోకి చేరవచ్చు. ఒళ్లు తడి ఆరాకే గుడ్డ కట్టండి.

చాలా వైప్స్‌లో ప్లాస్టిక్ పోగులుంటాయి. అవి నీటిలో కరగవు, మరుగుదొడ్డిలో వేస్తే గొట్టం మూసుకుపోతుంది. కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయండి. మలాన్ని మాత్రం మరుగుదొడ్డిలోనే పారవేయాలి. "పాలు తాగే బిడ్డదే కదా" అని పెరట్లో పారేసేవారున్నారు. అందులోనూ విరేచనాలు కలిగించే క్రిములుంటాయి, ఇంట్లో నడక నేర్చే పిల్లలకు అంటుకుంటాయి. పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోండి. గుడ్డ మార్చింది అమ్మమ్మ అయితే ఆమె కూడా.