పూడిక పెట్టించిన పంటికి పోటు ఏల?

"ముందు ఇంత పోటు లేదండీ. పూడిక పెట్టి పన్ను పాడుచేసేశారండీ" అనుచు అమలాపురము నుండి నేరుగా మా అల్లవరము వైద్యశాలకు వచ్చువారు కలరు. వారి బాధ నిజమే. నింద మాత్రము పెక్కుసార్లు నిజము కాదు.

పంటి గుంటను పూడ్చుట మనకు క్రొత్త కాదు. పిప్పిపంటి రంధ్రమును బెల్లముతో గాని, మైనముతో గాని నింపి, కాల్చిన శలాకతో దహింపుమని అష్టాంగహృదయము ఉత్తరస్థానమున వాగ్భటుడు చెప్పెను. సుశ్రుతుడు క్రిమిదంతమును, దంతహర్షమును వేర్వేరు రోగములుగా లెక్కించెను. పూడిక పిదప కలుగు జివ్వుమను బాధ చాలవరకు ఈ దంతహర్షమే.

పంటి గట్టి పైపొర క్రింద సన్నని నాళికలతో కూడిన పొరయు, దాని నడుమ నరములు, రక్తనాళములు గల గుజ్జును ఉండును. పుచ్చు తొలచునప్పటి వేడిమికి, అదురునకు ఆ గుజ్జు కలత చెందును. తెల్లని పూడిక గట్టిపడునపుడు కొంచెము కుంచించుకొనును. వెండిరంగు లోహపు పూడిక చలువను, వేడిని త్వరగా లోనికి చేర్చును. అందుచే చల్లని కొబ్బరినీరు తగిలినను పన్ను జివ్వుమని, క్షణములో తగ్గును. ఇది కొలది దినములలో, ఒక్కొక్కరికి రెండు మూడు వారములలో తగ్గిపోవును.

ఇట్టివారు తిమ్మిరి పూర్తిగా విడిచిన పిమ్మట గోరువెచ్చని ఆహారము రెండవ దవడతో నమలవలెను. పచ్చిమామిడి, చింతపండు పులుపు మానవలెను. ఉదయమున రెండు చెంచాల నువ్వులనూనె గోరువెచ్చగా పుక్కిట పట్టి, కొన్ని నిమిషములకు ఉమిసివేయవలెను, మ్రింగరాదు. తైలగండూషము చేయువారికి పులుపువలన పళ్ళు పులియవని చరకుని మాట. కచికతోను, ఇటుకపొడితోను తోముట వెంటనే మానుడు.

కొరికినప్పుడే పోటు వచ్చుచున్నచో పూడిక ఎత్తుగా ఉన్నదేమో చూపించుకొనవలెను. కాగితపు మందము ఎక్కువైనను నమలు బరువంతయు దానిపైననే పడును. దానిని ఏ కషాయమును అరగదీయజాలదు; దంతవైద్యుడు కొలది నిమిషములలో సరిచేయును. దీనికై నెలలు ఓర్చుకొనుట వృథా.

ఇక నేను తప్పు చేసిన సందర్భము. మా మండలపు ఉపాధ్యాయిని ఒకామెకు పూడిక తరువాత ఏమియు తగులకుండగనే, అందును రాత్రివేళ పోటు వచ్చెడిది. వేడి కాఫీ త్రాగినచో చాలసేపు విడువదు. నేను లవంగతైలమును, త్రిఫలా కషాయముతో పుక్కిలింతలను ఇచ్చితిని. నాల్గవనాడు పోటు ఆగెను. ఆమె సంతసించెను, నేనును సంతసించితిని. ఆగినది రోగము కాదు, పంటిలోని గుజ్జు ప్రాణము! నెల తిరుగకుండ దవడ వాచి, జ్వరము వచ్చి, పన్ను తీయవలసివచ్చెను. మొదటనే దంతవైద్యునికడకు పంపియుండిన వేరు చికిత్సతో పన్ను దక్కియుండెడిదేమో. పక్వమైన శోఫకు శస్త్రమునే విధించిన సుశ్రుతుని చదివియు నేను ఉపేక్షించితిని.

లవంగతైలము గూర్చి మరియొక మాట. ఒక చుక్కకు మించి దూదిపై వేయరాదు. చిగురునకు అంటినచో పొక్కును. అందలి యూజినాల్ తెల్లని రెసిన్ పూడికను సరిగా గట్టిపడనీయదు గనుక, పూడిక మార్పించుకొనువారు తైలము వాడిన సంగతి ముందుగా చెప్పవలెను.

దవడ వాపు, జ్వరము, నోరు తెరువలేకుండుట, మ్రింగుట కష్టమగుట, వీనిలో ఏది కనబడినను ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. మధుమేహము గలవారు అల్పమైన వాపును కూడ మరునాటికి వాయిదా వేయరాదు.