వచ్చే వారం చలి ఎట్లుంటది? బులెటిన్ చదివి పొలం పని నిర్ణయించుకునే పాఠం

పైన వీడియోలో తెల్లవారుజామున మా నారుమడి దగ్గర థర్మామీటర్ చూపించాను. వీడియోలో అన్నీ చెప్పే టైం ఉండదు. అందుకే లెక్కలు, పనులు ఇక్కడ వివరంగా రాస్తున్నాను. తీరిగ్గా చదవండి, పనికొచ్చేవి నోట్‌బుక్‌లో రాసుకోండి.

ముందు నా తప్పుతోనే మొదలుపెడతా.

నేను పోగొట్టుకున్న తుకం

మాది సంగారెడ్డి జిల్లా, జహీరాబాద్ వైపు. చలికాలంలో పేపర్లో కోహీర్, న్యాల్‌కల్ పేర్లు వస్తుంటయి కదా, ఆ చుట్టుపక్కలే. కొన్నేళ్ల కింద డిసెంబర్‌లో ఎకరంన్నరకు సరిపోయే దేశవాళీ వరి తుకం పోసిన. మూడేళ్లు మేమే కట్టుకున్న విత్తనం, బజార్లో దొరికేది కాదు. నీళ్లు దగ్గరని పల్లంలో, బోరు పక్కన నారుమడి పెట్టిన.

నారు పన్నెండు రోజుల వయసులో చలి మొదలైంది. రాత్రి ఫోన్‌లో చూస్తే 14 డిగ్రీలు అని ఉంది. పర్వాలేదులే అనుకుని పడుకున్న. కప్పడానికి పట్టాలు షెడ్డులోనే ఉన్నయి, తీయలేదు. నాయిన ఒక మాట అన్నడు, "గాలి ఆగింది, ఆకాశం తేటగ ఉంది, ఇయ్యాల చలి గట్టిగ కొడతది" అని. నేను ఫోన్ చూపించిన. మూడో రోజు పొద్దున్నే చూస్తే ఆకు కొసలు తెల్లబారి ఉన్నయి. వారంలో సగం నారు పోయింది.

మిగిలిన నారుతో ముప్పావు ఎకరం నాటినం. మిగతా దానికి ఒక మిత్రుడి దగ్గర విత్తనం తెచ్చి మళ్లీ తుకం పోస్తే మూడు వారాలు ఆలస్యమైంది. ఆ మడి పూత ఎండల్లోకి వెళ్లింది. పూత సమయంలో పగటి వేడి 35 డిగ్రీలు దాటితే వరిలో తాలు పెరుగుతది. మాకూ అదే అయింది. పక్క పొలం ఆయన "మీ ప్రకృతి వ్యవసాయం చలికి ఆగదా?" అని అడిగిండు. తప్పు వ్యవసాయ పద్ధతిది కాదు, నా చూపుది. నేను చూసిన 14 డిగ్రీలు పట్నంలో కొలిచింది. నా మడిలో ఎంతుందో నేను కొలవనే లేదు.

బులెటిన్‌లో చూడాల్సిన నాలుగు మాటలు

తెలంగాణకు హైదరాబాద్ వాతావరణ కేంద్రం, ఆంధ్రప్రదేశ్‌కు అమరావతి వాతావరణ కేంద్రం రోజూ బులెటిన్ ఇస్తాయి. ఇవి రెండూ ఐఎండీ కిందివే. మనకు ఇంకా ముఖ్యమైనది వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం వచ్చే వ్యవసాయ వాతావరణ సలహా. అందులో రాబోయే ఐదు రోజుల అంచనా ఉంటుంది. మేఘదూత్ యాప్‌లో జిల్లా వారీగా చూడొచ్చు. ఇంకా ముందుచూపు కావాలంటే ప్రతి గురువారం ఐఎండీ నాలుగు వారాల అంచనా ఇస్తుంది. దాంతో తేదీలు పెట్టుకోకండి, వచ్చే వారం సాధారణం కంటే చల్లనా వెచ్చనా అన్న దిశ మాత్రం తీసుకోండి.

ఏ బులెటిన్ తెరిచినా నాలుగే చూడండి.

1. కనిష్ఠ ఉష్ణోగ్రత, "సాధారణం కంటే" ఎంత తేడా. ఒక్క డిగ్రీల అంకె చూస్తే సరిపోదు.

2. గాలి దిశ. ఉత్తరం, ఈశాన్యం నుంచి వచ్చే పొడి గాలి అయితే చలి పెరుగుతుంది. తూర్పు, ఆగ్నేయం నుంచి అయితే బంగాళాఖాతం తేమ వస్తుంది, మబ్బు పడుతుంది, రాత్రి చలి తగ్గుతుంది.

3. ఆకాశం. రాత్రి భూమి తనలోని వేడిని పైకి వదులుతుంది. మబ్బు ఉంటే అది దుప్పటి లెక్క ఆపుతుంది. ఆకాశం తేటగా ఉండి గాలి ఆగితే వేడంతా పోతుంది. నాయిన చెప్పింది సరిగ్గా ఇదే.

4. తేమ. తేమ ఎక్కువ, గాలి తక్కువ అయితే పొగమంచు, ఆకు మీద మంచు తడి. తెగుళ్లకు అదే దారి.

"శీతల గాలులు" అన్న మాట కోసం ఆగొద్దు

ఐఎండీ లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో శీతల గాలులు అనాలంటే కనిష్ఠం 10 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువ ఉండాలి, దాంతోపాటు సాధారణం కంటే కనీసం 4.5 డిగ్రీలు పడిపోవాలి. 6.5 డిగ్రీలు లేదా ఇంకా ఎక్కువ పడితే తీవ్ర శీతల గాలులు. కనిష్ఠం నేరుగా 4 డిగ్రీలకు వస్తే తేడాతో పని లేకుండానే శీతల గాలులు అంటారు.

మన లెక్క వేద్దాం. మీ జిల్లా సాధారణ కనిష్ఠం 14 అనుకోండి. శీతల గాలులు అనాలంటే 9.5కు రావాలి. 10 దగ్గర ఆగితే ఆ మాట బులెటిన్‌లో రాదు. కానీ 10 డిగ్రీల రాత్రి మీ వరి నారుకు చాలా కష్టం. అందుకే ఆ మాట కోసం ఎదురుచూడొద్దు.

ఇంకో విషయం. వాతావరణ కేంద్రంలో థర్మామీటర్ నేల మీద ఉండదు. సుమారు మనిషి ఛాతీ ఎత్తులో, గాలి ఆడే తెల్లటి పెట్టెలో ఉంటుంది. తేటగా, గాలి లేని రాత్రి నేల దగ్గర దానికంటే 2 నుంచి 4 డిగ్రీలు తక్కువ ఉండొచ్చు. పైగా చల్లటి గాలి బరువు, నీళ్లలాగే పల్లానికి పారి అక్కడ నిలుస్తుంది. అంటే బులెటిన్‌లో 11 ఉంటే నారు కొసల దగ్గర 7 నుంచి 9 దాకా ఉండొచ్చు. నా మడి పల్లంలోనే ఉండె, అర్థమైంది కదా.

దీనికి మందు కనిష్ఠ థర్మామీటర్ ఒక్కటి. నారు ఎత్తులో చిన్న కర్రకు కట్టండి. సూర్యోదయం వేళకు చూసి రాసుకోండి, చలి ఎక్కువగా ఉండేది అప్పుడే. పక్కన బులెటిన్ అంకె కూడా రాయండి. పది రోజులు రాస్తే మీ పొలానికి, బులెటిన్‌కు తేడా ఎంతో తెలిసిపోతుంది. ఆ తేడా తెలిస్తే ప్రతి అంచనా మీ పొలం అంచనా అయిపోతుంది.

వారం మూడు రకాలు, పనులు మూడు రకాలు

మొదటి రకం: పొడి చలి వారం. ఈశాన్య గాలి, తేట ఆకాశం, సాధారణం కంటే 2 నుంచి 4 డిగ్రీలు తక్కువ.

వరి నారుమడికి సాయంత్రం ఎండ పూర్తిగా దిగకముందే పట్టా కప్పండి. కర్రలు గుచ్చి వాటిపై కప్పాలి, నారు మీద పడొద్దు. పాత బస్తాలు కుట్టిన పట్టా అయినా చాలు. పొద్దున ఎండ రాగానే తప్పకుండా తీయాలి. మడిలోని చల్లబడ్డ నీళ్లు పొద్దున తీసేసి బోరు నీళ్లు పెట్టండి. భూమి లోపలి నీళ్లు చలికాలంలో కూడా గోరువెచ్చగా ఉంటాయి, తెల్లవారి బోరు వేస్తే ఆవిరి కనిపించేది అందుకే. చెరువు, కుంట నీళ్లకు ఈ గుణం ఉండదు, రాత్రికి అవీ చల్లబడతాయి.

మక్క ఆకులు ఊదా రంగుకు తిరిగితే భయపడొద్దు. చల్లటి నేలలో వేరు భాస్వరం సరిగ్గా తీసుకోలేదు, ఎండ వెచ్చబడితే చాలావరకు సర్దుకుంటుంది. శనగకు ఈ చలి మంచిదే. మామిడికీ మంచిదే, పూత రావడానికి చల్లటి పొడి రాత్రులు కావాలి. ఈ టైంలో మామిడికి నీళ్లు పెట్టకండి, పెడితే పూత బదులు కొత్త చిగురు వస్తుంది. పిందె బఠాణీ గింజంత అయ్యాక నీళ్లు మొదలుపెట్టండి.

రెండో రకం: మబ్బు వారం. తూర్పు గాలి, బంగాళాఖాతంలో అల్పపీడనం, రాత్రి చలి తక్కువ. ఒంటికి హాయిగా ఉంటుంది, పొలానికి మాత్రం ఇదే ఎక్కువ ప్రమాదం.

శనగ, కందిలో పచ్చపురుగు ఉధృతి పెరిగేది ఇప్పుడే. శనగ ఆకు మీద పుల్లటి ఆమ్లం ఉంటుంది, అది కొంత రక్షణ. వాన పడితే కడుక్కుపోతుంది. ఎకరానికి 20 దాకా పక్షి స్థావరాలు, 4 లింగాకర్షక బుట్టలు మబ్బు పట్టకముందే పెట్టండి. గుడ్లు, చిన్న పురుగులు కనిపిస్తేనే నీమాస్త్రం పని చేస్తుంది. పురుగు పెద్దదై కాయలో తల పెట్టాక ఏ కషాయం కొట్టినా దండగే. మా వైపు ఆలుగడ్డ వేసినవాళ్లు మరీ జాగ్రత్త. చల్లదనం, తడి రెండూ కలిస్తే ఆకుమాడు తెగులు రోజుల్లో చేను మొత్తం ఎక్కుతుంది. మచ్చ ఉన్న ఆకులు తీసి చేను బయట పూడ్చండి, నీటి తడి తగ్గించండి. మామిడి పూత మీద తేనెమంచు పురుగు కూడా ఈ వారమే చూసుకోవాలి.

డిసెంబర్‌లో మబ్బు వారాన్ని తేలికగా తీసుకోవద్దనడానికి 2023 గుర్తుంది కదా. మిచాంగ్ తుపాను డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. కోసిన వరి, కల్లాల్లో ధాన్యం తడిసి కోస్తా రైతులు ఎంత నష్టపోయారో చూశాం. మన దగ్గర ఖమ్మం, భద్రాద్రి వైపు కూడా వాన కొట్టింది. కల్లంలో పంట ఉంటే మబ్బు కనిపించాక కాదు, బులెటిన్ కనిపించాకే టార్పాలిన్ సిద్ధం కావాలి.

మూడో రకం: పొగమంచు వారం. తేమ ఎక్కువ, గాలి లేదు, పొద్దున తొమ్మిది దాకా ఆకు తడి.

మామిడి పూత, మిర్చి, కూరగాయల మీద బూడిద తెగులు చూసుకోండి. నేను 100 లీటర్ల నీళ్లకు 6 లీటర్ల పుల్లటి మజ్జిగ కలిపి కొడతాను. మంచు పూర్తిగా ఆరాక, పది గంటల తర్వాత మొదలుపెట్టి మూడున్నర లోపు ముగించాలి, రాత్రికి ఆకు తడిగా ఉండొద్దు. ఇది ముందు జాగ్రత్తకు, తెగులు మొదటి మచ్చకు మాత్రమే. ముదిరిపోయాక ఆశ పెట్టుకోకండి. మిర్చి ఎండబెట్టేవాళ్లు సాయంత్రం నాలుగున్నరకల్లా కుప్ప చేసి కప్పండి. మంచు తాగిన కాయ రంగు తగ్గుతుంది, బూజు వస్తుంది. నేను కారం పట్టించి నేరుగా ఇండ్లకే అమ్ముతాను. ఒక్క బూజు వాసన ప్యాకెట్ పోతే ఆ ఇల్లు మళ్లీ మన దగ్గర కొనదు.

జీవామృతానికీ చలి పెడుతుంది

చాలామంది చేసే పొరపాటు ఇది. ఎండాకాలంలో రెండు రోజుల్లో తయారయ్యే జీవామృతం చలికాలంలో అవదు. చల్లదనంలో సూక్ష్మజీవులు నెమ్మదిస్తాయి. ఐదారు రోజులు, కొన్నిసార్లు వారం పడుతుంది. డ్రమ్ము షెడ్డు కింద, గాలి తగలని పక్క పెట్టి గోనె బస్తా చుట్టండి, రోజుకు రెండుసార్లు కలపండి. నురగ, పులిసిన వాసన చూసి నిర్ణయించండి, తేదీ చూసి కాదు. వచ్చే శుక్రవారం పారించాలంటే ఈ శుక్రవారమే కలపాలి. ఒకటి మాత్రం స్పష్టంగా చెప్తా: జీవామృతం నేలకు బలం, చలిని ఆపే మందు కాదు. నారుకు పట్టా కప్పాల్సిందే.

రెండు సందేహాలు

పొగ పెడితే చలి తగ్గుతుందా అని చాలామంది అడుగుతారు. పొగ నేల నుంచి పోయే వేడిని పెద్దగా ఆపలేదు. గడ్డి కాలిస్తే మన ఆచ్ఛాదన బూడిదవడం తప్ప లాభం లేదు. దానికంటే సాయంత్రం తేలికపాటి తడి ఇస్తే మేలు, తడి నేల పగటి వేడిని ఎక్కువ దాచుకుంటుంది. తెగులు ఉన్న చేనుకు మాత్రం ఇది వద్దు.

ఆచ్ఛాదన ఉంటే చలి తగలదా? వేరుకు తగలదు, అది నిజం. కానీ ఎండుగడ్డి కప్పితే నేల వేడి పైకి రాదు కాబట్టి దానిపైన గాలి ఇంకొంచెం చల్లగా ఉంటుంది. పెద్ద మొక్కలకు ఫరక్ లేదు. చిన్న కూరగాయల నారు ఉంటే మాత్రం గట్టి చలి నాలుగు రోజులు గడ్డిని మొదలు నుంచి కొంచెం పక్కకు జరపండి.

వారం పని పట్టిక

మంగళవారం, శుక్రవారం: సలహా చదివి నాలుగు మాటలు రాసుకోండి. ఇది ఏ రకం వారమో తేల్చండి.
గురువారం: వచ్చే వారం దిశ చూడండి, జీవామృతం ఎప్పుడు కలపాలో నిర్ణయించండి.
రోజూ పొద్దున: థర్మామీటర్, ఆకు తడి ఎన్ని గంటల దాకా ఉందో రాయండి.
రోజూ సాయంత్రం: గాలి ఆగిందా, ఆకాశం తేటగుందా చూడండి. రెండూ అవునైతే పట్టా కప్పండి. దూడలకు కింద పొడి గడ్డి, మీద గోనె సంచి మరవకండి.

ఇప్పుడు మా నారుమడి మెరక మీదికి మార్చినం. సాయంత్రం నేను ఫోన్ చూస్తా, నాయిన ఆకాశం చూస్తడు. ఇద్దరి మాట కలవకపోతే ఆ రాత్రి కప్పేస్తాం. కప్పడానికి అరగంట పని, కప్పకపోతే మూడేళ్ల విత్తనం. మీరు కూడా ఈ రోజు నుంచే పది రోజులు రాసి చూడండి. మీ పొలం తేడా ఎంత వచ్చిందో చెప్తే వచ్చే వీడియోలో ఆ అంకెల మీదే మాట్లాడుకుందాం. జై కిసాన్.