ఎర్రకణం మీదే దెబ్బ ఎందుకు?



రైబోజోమ్ ప్రతి కణానికీ కావాలి గదా, దాని జన్యువు చెడితే ఎర్రకణాలే ఎందుకు తగ్గుతాయని రాశావు. మంచి ప్రశ్న.

డైమండ్, బ్లాక్‌ఫాన్ అనే బోస్టన్ వైద్యులు 1938లో వర్ణించిన రక్తహీనతనే తీసుకో. బిడ్డ సాధారణంగా ఏడాది నిండకముందే పాలిపోతుంది. తెల్లకణాలు చాలావరకు బాగానే ఉంటాయి, మజ్జలో ఎర్రకణాలుగా మారాల్సిన పిల్లకణాలు మాత్రం దాదాపు కనబడవు. కారణం 1999 దాకా చిక్కలేదు. అప్పుడు దొరికిన ఆర్‌పీఎస్19, రైబోజోమ్ చిన్న భాగంలోని ఒక ప్రోటీన్ జన్యువు. సుమారు పాతిక శాతం రోగుల్లో లోపం అందులోనే.

ఇక్కడ నిదానంగా చదువు. ఆ జన్యువు రెండు ప్రతుల్లో చెడేది ఒక్కటే. అందుకే బిడ్డ బతుకుతుంది, రైబోజోమ్‌లు మాత్రం చాలవు. ఆ కొరత అన్ని ఆర్‌ఎన్‌ఏల మీదా ఒకేలా పడదు. ఎర్రకణం తయారీని నడిపించే ప్రోటీన్ గాటా1. రైబోజోమ్‌లు పుష్కలంగా ఉంటేనే దాని ఆర్‌ఎన్‌ఏ నుంచి ప్రోటీన్ సరిగా తయారవుతుంది. రైబోజోమ్‌తో సంబంధం లేకుండా గాటా1 జన్యువే చెడిన కొందరు పిల్లల్లోనూ ఇదే జబ్బు ఉన్నట్టు 2012లో తేలింది. నాకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

మరో దారి పీ53 అనే ప్రోటీన్. రైబోజోమ్‌లో ఇమడక మిగిలిపోయిన ఆర్‌పీఎల్5, ఆర్‌పీఎల్11 ప్రోటీన్లు ఎండీఎం2ను పట్టుకుంటాయి. పీ53ని అణచి ఉంచేది ఎండీఎం2యే. అది చిక్కుబడగానే పీ53 పెరిగి కణ విభజనను ఆపేస్తుంది, కణాన్ని చంపేస్తుంది కూడా. పైగా హిమోగ్లోబిన్‌లోని రెండు భాగాల్లో గ్లోబిన్ వెనకబడి హీమ్ ముందే పోగైతే అదీ విషమే. ఈ మూడూ కలిసే పనిచేస్తాయి. కానీ పీ53 ఏ కణంలోనైనా పెరగగలదు, కాబట్టి నీ ప్రశ్నకు దగ్గరి జవాబు గాటా1యేనని నా అభిప్రాయం.

అలాగని దెబ్బ ఎర్రకణంతోనే ఆగదమ్మా. కొందరు పిల్లలకు బొటనవేలిలో రెండుకు బదులు మూడు ఎముకలుంటాయి, కొందరికి అంగిలి చీలి ఉంటుంది, కొందరికి గుండెలో లోపం. వార్డుకు పాలిపోయిన పసిబిడ్డ వస్తే ముందు చేతులు చూడు. ఎంసీవీ, అంటే ఎర్రకణం సగటు పరిమాణం, ఎక్కువగా ఉండి రెటిక్యులోసైట్లు, అంటే లేత ఎర్రకణాలు, మరీ తక్కువైతే ఐరన్ సిరప్ రాయకు, మజ్జ పరీక్ష గురించి మీ ప్రొఫెసర్‌ని అడుగు. జబ్బు స్టెరాయిడ్లకు లొంగకపోతే ఆ బిడ్డకు పదే పదే రక్తం ఎక్కించాల్సి వస్తుంది. దానితో వచ్చే ఇనుమే కాలేయంలో, గుండెలో పేరుకుని ప్రాణం మీదికి తెస్తుంది.

నీ తాతయ్య