కలివి కోడిని లెక్కేసే చిన్నీకి

గోదావరిఖని.

చిన్నీ,

నీ ఉత్తరం అందింది. మీ అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గింది, కాని ఒప్పుకోదు. నువ్వు ఫోన్ చేసినప్పుడు మాత్రం రెండింతలు చేసి చెప్తది. ఇక్కడ వానలు బాగ పడ్డయి. ఓపెన్‌కాస్ట్ గనిల నీళ్లు నిలిచి బొగ్గు పని నెమ్మదైంది. బ్లాస్టింగుకు కిటికీ అద్దాలు ఎప్పటిలెక్కనే గలగలమంటున్నయి. నేను బాగున్న. నువ్వే అర్ధరాత్రి దాటినా కంప్యూటర్ ముందర కూసుంటున్నవట. ముందు తిండి తిను, తర్వాత పక్షుల సంగతి చూడు. కోపం కాదు బిడ్డా, బెంగ.

కడప కలివి కోడి అంతరించిపోయే ప్రమాదం ఎంతుందో అంచనా వెయ్యమన్నరని రాసినవ్. శాటిలైట్ మ్యాపులు దించుకున్నవ్, పొదల అడవి ఎంత పోయిందో లెక్కేసినవ్. ఆఖరుకు "పోయినట్టే మామా, అదే రాసేస్తా" అన్నవ్. ఎంత తొందరే నీకు! ఆ మాట నీకన్న ముందు పెద్ద పెద్దోళ్లే అన్నరు. 1848లో బ్లైత్ దొర ఆ పక్షిని లోకానికి చెప్పిండు, దాన్ని మొదట కనుక్కున్న జెర్డాన్ దొర పేరు దానికి అంటుకున్నది. 1900లో అనంతపురం దిక్కు ఒకసారి కనపడ్డది. ఆ తర్వాత అయిపాయె. పుస్తకాలన్నీ దాన్ని పోయినోళ్ల జాబితాల రాసుకున్నయి. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే వేటగాడు రాత్రిపూట దాన్ని పట్టుకొచ్చిండు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అక్కడ వెతుకుతుండె. 86 ఏండ్లు పండితులకు దొరకని పిట్ట ఒక పల్లెటూరి మనిషి చేతికి దొరికింది. ఆ పక్షి బతకలేదు, అది వేరే దుఃఖం. కాని ఆ దొరుకుడు వల్లనే 1988లో లంకమల్ల అభయారణ్యం వచ్చింది. 2025లో కూడ దాని కూత మళ్లీ రికార్డయింది. నీ కలం ఆ పక్షి కన్న ముందు పరుగెత్తొద్దు.

అట్లని ప్రమాదం తక్కువుందని నేననను. పెద్దయిన పక్షులు 50 నుంచి 249 మధ్య ఉండొచ్చని ఒక అంచనా. ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘం ఐయూసీఎన్ దాన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న వరుసలనే పెట్టింది. నువ్వు పంపిన వాళ్ల నియమాలు అద్దాలు పెట్టుకొని చదివిన. సర్వే డిపార్ట్‌మెంట్ల బతికినోన్ని, కొలతలంటే నాకు భయం లేదు. పదేండ్లలోనో మూడు తరాల కాలంలోనో, ఏది పొడుగైతే అందులో, నూటికి 80 తగ్గితే ఒక మెట్టు, 50కి ఇంకోటి, 30కి ఇంకోటి. తిరిగే జాగా ఎంత చిన్నదో ఒక కొలత. పెద్దవి 250 లోపే ఉండి ఇంకా తగ్గుతుంటే ఇంకో కొలత. పక్షుల్ని లెక్కపెట్టే వీలు లేకపోతే, అడవి తగ్గుడును బట్టి పక్షి తగ్గుడును ఊహించొచ్చని కూడ ఉన్నది. వానాడవుల పక్షులకు చాలాసార్లు ఇదే దారి. ఆ అడవిల మనిషి లెక్కపెట్టగలిగేది తక్కువ, పైనుంచి కనపడేది ఎక్కువ.

తప్పు దారి అనను. కాని బిడ్డా, పైనుంచి పచ్చగ కనపడ్డదల్లా అడవి గాదు. మన ఓబీ గుట్టలు నువ్వు చూసినవ్. బొగ్గు కోసం తవ్విపోసిన మట్టి మీద కంపెనీ వెదురు, కానుగ, నీలగిరి నాటింది. మంచి పనే, దుమ్ము తగ్గింది. కాని ఆ మట్టి కింద ఏ మద్ది, ఏ తునికి, ఏ పిట్ట గూడు పోయిందో ఆ పచ్చదనం చెప్పదు. సర్కారు లెక్కల ఒక హెక్టారు దాటి ఉండి, చెట్ల నీడ నూటికి పది పాళ్లు దాటితే చాలు, అడవి కిందికే వస్తది. ఏ చెట్టని అడగరు, ఎవల జాగ అని అడగరు.

నీ కలివి కోడికి ఈ లెక్క ఉల్టా పడుతది. అది పొదల మధ్య బోడినేల మీద రాత్రిపూట ఉరికే పక్షి. పెద్ద పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాక ఉంటే దానికి సరిపోతదని పక్షి శాస్త్రవేత్త జెగనాథన్, ఆయనతోటి పనిచేసినోళ్లు తేల్చిన్రు. అంతకన్న చిక్కగైతే ఉరకలేదు, పలచగైతే దాక్కోలేదు. ఆ నేల సర్కారు కాయితాల మీద ఏమైతది? పొదల భూమి, పాడుబడ్డ భూమి! దాంట్ల చెట్లు నాటితే మ్యాపు మీద అడవి పెరిగినట్టు, పక్షికి ఇల్లు పోయినట్టు. కనుక నీ మ్యాపుల ముందుగాల "ఈ పక్షికి ఏది ఇల్లు" అన్నది గీసుకో. ఆ తర్వాతనే ఎంత పోయిందో కొలువు.

ఇంకోటి. ఇల్లు చెక్కుచెదరకుండ ఉండి కూడ పక్షి పోవచ్చు. మనకు దగ్గరి జిల్లానే చూడు. ఆసిఫాబాద్ దిక్కు బెజ్జూరు అడవిల పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు పెట్టినయి. దేశం మొత్తంల ఆ జాతి నూటికి 97 పాళ్లు పోయింది. గుట్టలు ఎక్కడివక్కడనే ఉన్నయి. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ వాటి కళేబరాల నుంచి రాబందుల కడుపులకు పోయింది. 2006లో ఆ మందును పశువులకు వాడొద్దన్నరు. ఏ శాటిలైట్ ఫోటో చూపిస్తది చెప్పు దాన్ని?

నీకు విసుగొస్తున్నట్టుంది. ఇంకొంచెం ఓపిక పట్టు. బొగ్గుబాయిల దిగంగనే సర్దార్ కర్రతోటి కప్పు కొట్టి చూస్తడు. గట్టి చప్పుడొస్తే పని నడుస్తది. డొల్ల చప్పుడొస్తే మనుషుల్ని బయటికి పంపి దిమ్మలు పెట్టిస్తడు. కప్పు కూలినంక చెప్పేటందుకు సర్దార్ ఎందుకు? నీ అంచనా కూడ అందుకే. బ్రెజిల్ల మురిసి అడవిల ఒక చిన్న పిట్ట ఉండె. 1983లో దానికి పేరు పెట్టిన్రు, 2011లో ఆఖరుసారి చూసిన్రు. ఆ చుట్టుపక్కల అడవి చెరుకు తోటలకు, పశువుల మేతకు పోయింది. పేరు పెట్టినంక ముప్పయ్యేండ్లు కూడ నిలవలేదు. ఆ లెక్క ముందుగాల గట్టిగ చెప్పినోళ్లు ఉన్నరు, వినెటోళ్లు తక్కువైన్రు.

కడపలో మాత్రం విన్నరు. తెలుగుగంగ కాలువ పని 2005లో ఆ పొదల మీదికే వచ్చింది. పక్షి శాస్త్రవేత్తలు కాయితాలు పట్టుకొని సుప్రీంకోర్టు కమిటీ దాక పోయిన్రు, కాలువ దారి మళ్లింది. ఊరికే "పక్షి ఉంది" అంటే కాలువ మళ్లకపోవు. నేల మీద సన్నమట్టి పరిచి అడుగుజాడలు చూసిన్రు, కెమెరాలు పెట్టిన్రు, పొద్దుగూకినంక ముప్పావుగంటకు మొదలయ్యే కూతను చెవులు రిక్కించి విన్నరు. అది కొన్ని నిమిషాలే కూస్తది, ఇరవై దాటదు. ఆ ఓపిక నీకు రావాలె.

అక్కడి మనుషుల గురించి రాసేటప్పుడు చెయ్యి జాగ్రత్త. మేకలోళ్లు, కట్టెలు కొట్టెటోళ్లు అని ఒక్క లైన్ల దొంగలను చెయ్యకు. సోమశిల రిజర్వాయరుల ఊర్లు మునిగినోళ్లు కూడ ఆ పొదల అంచులకు వచ్చి బతుకుతున్నరు. ఓపెన్‌కాస్ట్ కింద ఊరు పోతే మనిషి ఏమైతడో మనకు ఎవలూ చెప్పనవసరం లేదు. పైగా మేత మొత్తం బందైతే పొదలు చిక్కబడి పక్షికే చేటు. ఎంత మేత మంచిది, ఎంత చెడ్డది, ఆ సంగతి నీ రిపోర్టుల ఉండాలె.

నవ్వొచ్చే ముచ్చట ఒకటి. ఈ పక్షి గుడ్డు ఒకటి స్కాట్లాండ్ల ఆబర్డీన్ యూనివర్సిటీ మ్యూజియంల దొరికింది. 1917లో కోలార్ బంగారు గనుల దగ్గర ఏరిందట. గనుల ఊర్లకు, ఆ పిట్టకు ఏం బాకీ ఉన్నదో మరి!

నువ్వు చెయ్యవలసింది చెప్తున్న, చెవి పెట్టు. రిపోర్టు ఇచ్చే ముందు కడప జిల్లా సిద్ధవటం పో. ఫారెస్టోళ్ల పర్మిషన్ కాయితం లేకుండ అడవిల అడుగు పెట్టకు. రికార్డు చేసిన కూతను మాటిమాటికి వినిపించి దాన్ని సతాయించకు. రాత్రి ఒక్కదానివే తిరగకు, పాములుంటయి. మేకలోళ్లతోటి కూసొని మాట్లాడు, వాళ్లు చెప్పింది వాళ్ల పేరుతోనే రాయి, ఒప్పుకుంటేనే. మంచి బూట్లకు పైసలు పంపుతున్న, పుస్తకాలకు ఖర్చు పెట్టకు. బయలెల్లే రోజు ఫోన్ చెయ్యి, లేకపోతే మీ అమ్మ నన్ను బతకనియ్యదు.

నీ మామ